మూడున్నర దాటితే రాత్రే

బెంగళూరు నుంచి మధ్యాహ్నం బయల్దేరిన విమానం సాయంత్రం నాలుగింటికి మాలెలో దిగిందనుకుందాం. ఎండ ఇంకా మాడు చురుక్కుమనిపిస్తూనే ఉంటుంది. విజయవాడ నుంచి వచ్చిన కొత్త జంట పెట్టెలు తోసుకుంటూ బయటికొచ్చి, తమ రిసార్టు పేరున్న కౌంటరు వెతుక్కుని, బుకింగు కాగితం చూపిస్తారు. వాళ్ళ దీవి అక్కడికి నూట యాభై కిలోమీటర్లు. సీప్లేన్‌లో ముప్పావుగంట ప్రయాణం. కౌంటర్లో కుర్రాడు నవ్వుతూనే చెబుతాడు, ఈ పూటకి విమానాలు అయిపోయాయని, మళ్ళీ రేపు పొద్దున్నేనని. పొద్దు ఇంకా రెండు గంటలుంది కదా అని వీళ్ళు ఆకాశం వంక చూస్తారు. ఆ రెండు గంటల లెక్క కౌంటరు కుర్రాడికి వీళ్ళకంటే బాగా తెలుసు.

మాల్దీవుల లెక్కలో ఆ జంట అర్ధరాత్రి దిగినట్టే.

విమానాశ్రయం నుంచి బసకి చేరడం మనకి పెద్దగా ఆలోచించే పని కాదు. శంషాబాద్‌లో ఏ రాత్రివేళ దిగినా బస్సో క్యాబో దొరుకుతుంది, అదీ కాకపోతే బావమరిది బండేసుకుని వస్తాడు. మాల్దీవుల్లో రోడ్డన్నది విమానాశ్రయం దాటిన కొద్ది కిలోమీటర్లకే అయిపోతుంది. ఆ తర్వాతంతా నీళ్ళే. ఉత్తరం నుంచి దక్షిణానికి 800 కిలోమీటర్లకు పైగా పరుచుకున్న 1,192 దీవుల దేశం అది. జనం ఊళ్ళు కట్టుకుని ఉండేవి రెండు వందల లోపే. 1972లో కురుంబా అనే మొదటి రిసార్టు తెరిచినప్పటి నుంచీ అక్కడి పద్ధతి ఒక్కటే, ఒక దీవికి ఒక రిసార్టు. అంటే టికెట్టు కొన్న ప్రతి యాత్రికుడూ ఒక్కో వేరే దీవికి వెళ్ళాల్సిన మనిషి. వాళ్ళలో దాదాపు అందరూ దిగేది మాత్రం ఒక్క చోటే.

ఆ చోటు పేరు హుల్హులే. రాజధాని మాలె పక్కన సముద్రంలో ఉన్న సన్నటి దీవి. 1960లో దాని మీద ఇనుప పలకలు పరిచి మొదటి రన్‌వే వేశారు. ఉప్పుగాలికి అవి ఎన్నాళ్ళు ఆగుతాయి? 1966 నాటికి తారు రన్‌వే వచ్చింది, 1981లో అంతర్జాతీయ విమానాశ్రయం అయింది. ఇప్పుడు దాని పేరు వెలానా. 2022లో వాడుకలోకి వచ్చిన కొత్త రన్‌వే పొడవు 3,400 మీటర్లు, అంటే దీవి ఈ కొస నుంచి ఆ కొస దాకా రన్‌వేనే. మిగిలిన జాగాలో టెర్మినళ్ళు, పడవల రేవు, సీప్లేన్లు తేలే నీటి మడుగు సర్దుకున్నాయి. గల్ఫ్ నుంచి, యూరప్ నుంచి, చైనా నుంచి, మన నగరాల నుంచి వచ్చే పెద్ద విమానాలు పగలూ రాత్రీ తేడా లేకుండా ఇక్కడ దిగుతాయి. వాటికి దీపాలున్నాయి, రాడార్లున్నాయి. చిక్కంతా దిగిన తర్వాతే.

దూరపు దీవులకి మనుషుల్ని మోసే సీప్లేన్ ఎక్కువగా ట్విన్ ఆటర్ రకానిది. కెనడాలో తయారైన ఈ చిన్న విమానం మొదట ఎగిరింది 1965లో. చక్రాల బదులు రెండు పొడుగాటి తేలుడు తొట్లు బిగించి, పదిహేను మంది దాకా ఎక్కిస్తారు. పైలట్లు చాలామంది చెప్పుల్లేకుండానే నడుపుతారు. నీటి మీద తేలే చిన్న వేదికకి ఆనుకోగానే సిబ్బందిలో ఒకరు కిందికి దూకి తాడు కట్టేస్తారు. లోపల మోత ఎంతంటే పక్కవాడి మాట వినపడదు, అందుకే ఎక్కేటప్పుడే చెవుల్లో పెట్టుకోవడానికి బిళ్ళలు ఇస్తారు. ట్రాన్స్ మాల్దీవియన్ ఎయిర్‌వేస్ అనే ఒక్క సంస్థ దగ్గరే ఇలాంటివి అరవైకి పైగా ఉన్నాయి. ప్రపంచంలో అంత పెద్ద సీప్లేన్ల దండు ఇంకెవరికీ లేదు.

అన్ని విమానాలుండి రాత్రి ఒక్కటీ ఎందుకు ఎగరదు? దిగే చోట రన్‌వే లేదు గనుక. పైలట్ తన కళ్ళతో నీళ్ళు చూసి దిగాలి. అల ఎటు నుంచి ఎటు నడుస్తోంది, గాలి నీటి మీద ఏ దిక్కుగా చారలు గీస్తోంది, లేత ఆకుపచ్చగా కనిపిస్తున్న చోట పగడపు దిబ్బ ఎంత లోతులో ఉంది, జాలరి పడవేమైనా అడ్డం వస్తోందా, దుంగ ఏదైనా తేలుతోందా, ఇవన్నీ చూడాలి. గాలి బొత్తిగా ఆడని రోజు పట్టపగలు కూడా నీటి మట్టం ఎంత కిందుందో కంటికి చిక్కదు. పైలట్లకి అదో ప్రత్యేకమైన పరీక్ష. ఇక చీకట్లో చెప్పేదేముంది? అందుకే ఈ ప్రయాణాలన్నీ కంటిచూపు నిబంధనల కింద, అంటే సూర్యుడు ఉన్నంతసేపే. సఖినేటిపల్లి రేవులో ఆఖరి పంటు వెళ్ళిపోయాక గోదావరి ఒడ్డున నిలబడ్డవాడి పరిస్థితి కోనసీమ వాళ్ళకి ఎవరూ వివరించక్కర్లేదు. ఇదీ అలాంటిదే.

పైగా సూర్యుడు కూడా అక్కడ మొహమాటపడడు. మాలె భూమధ్యరేఖకి ఉత్తరంగా నాలుగు డిగ్రీల పైచిలుకులో ఉంది. వేసవిలో పొద్దు సాగడం, చలికాలంలో తొందరగా కుంగడం అనేవి అక్కడ నామమాత్రం. ఏడాది పొడవునా సాయంత్రం ఆరింటికి అటూఇటూగా సూర్యుడు దిగిపోతాడు, ఆ వెనకే చీకటి పడిపోతుంది. మసకవెలుతురు ఎక్కువసేపు నిలవదు. కొన్ని రిసార్టులు అతిథులకి సాయంత్రపు ఎండ ఇంకాస్త మిగలాలని తమ దీవిలో గడియారాన్ని గంట ముందుకి జరుపుకుంటాయి. ఒకే దేశంలో రెండు టైములన్నమాట. సీప్లేన్ మాత్రం మాలె టైమునే నమ్ముకుంటుంది. మాలె టైము మన దేశం కంటే అరగంట వెనక.

ఇప్పుడు వెనక నుంచి లెక్క కట్టుకుంటూ వస్తే ఆ కుర్రాడి జవాబు అర్థమవుతుంది. ఆరింటికి సూర్యాస్తమయం. దూరపు దీవికి ముప్పావుగంట. దారిలో ఒకటి రెండు రిసార్టుల దగ్గర ఆగి మనుషుల్ని దింపాలి. కాబట్టి ఆఖరి సీప్లేన్లు నాలుగున్నర, అయిదు మధ్యే నీళ్ళు వదలాలి. అంతకుముందు ఇమ్మిగ్రేషన్ వరస, సామాను బెల్టు, కస్టమ్స్, రిసార్టు కౌంటరు, బస్సెక్కి సీప్లేన్ టెర్మినల్, అక్కడ మళ్ళీ బరువు తూయడం. వీటికి తక్కువలో తక్కువ గంట. అందుకే చాలా రిసార్టులు ఒకే మాట చెబుతాయి, మీ విమానం మధ్యాహ్నం మూడున్నర లోపు దిగితేనే ఆ రోజు మా దీవికి చేరతారు.

ఈ సీప్లేన్లకి మన బస్సుల్లాగా ఫలానా టైముకి బయల్దేరే పట్టిక ఉండదు. రేపు ఎవరెవరు ఏ విమానంలో వస్తున్నారు, ఏ దీవికి వెళ్ళాలి, ఎవరు తిరిగి వెళ్తున్నారు అన్న వివరాలన్నీ పోగేసుకుని ముందురోజు సాయంత్రానికి వరస కడతారు. ఒకే దిక్కున్న మూడు రిసార్టుల వాళ్ళని ఒక విమానంలో కుదురుస్తారు. అందుకే రిసార్టు వాళ్ళు రెండు మూడు రోజుల ముందే ఫ్లైట్ నంబరు పంపమని వెంటపడతారు. అది ఊరికే ఫారం నింపించుకునే పని కాదు. ఆ నంబరు అందకపోతే రేపటి వరసలో ఆ మనిషి లేనట్టే. విమానం ఆలస్యమై మూడున్నర దాటిపోతే ఆ రాత్రి బస ఖర్చు సాధారణంగా ప్రయాణికుడి నెత్తినే పడుతుంది. ప్రయాణ బీమా తీసుకున్నవాళ్ళు తమ పాలసీలో ఆలస్యం వల్ల పడే బస ఖర్చు ఉందో లేదో బయల్దేరకముందే చూసుకోవడం మేలు.

రాత్రి దిగేవాళ్ళకి మరి దారులేవి? అది పూర్తిగా ఆ దీవి ఎంత దూరంలో ఉందన్న దాని మీదే ఆధారపడుతుంది.

మాలె అటోల్‌లో, అంటే రాజధాని చుట్టుపక్కల ఉన్న దీవుల దండలో, బస చేసేవాళ్ళు అదృష్టవంతులు. కురుంబా లాంటివి విమానాశ్రయం నుంచి స్పీడ్‌బోటులో పది నిమిషాలు. కాస్త ఎడంగా ఉన్నవి గంట. ఇవి అర్ధరాత్రి కూడా బోటు పంపుతాయి, ఒక్కోచోట రాత్రి పది దాటాక అదనపు రుసుము తీసుకుంటాయి. రాత్రి విమానానికి టికెట్టు దొరికినవాళ్ళు మొదట చూసుకోవాల్సింది ఇలాంటి దీవులే. ఫొటోల్లో నీళ్ళ రంగు ఎక్కడైనా ఒకటే.

రాత్రిపూట స్పీడ్‌బోటు ప్రయాణం గురించి ప్రకటనల్లో పెద్దగా రాయరు. లోపల దీపాలు ఆర్పేస్తారు, ముందు ఏముందో నడిపేవాడికి కనబడాలి గదా. అతని ముందు వెలుగుతున్న చిన్న తెర మీద పగడపు దిబ్బల మధ్య సందులు గీతలుగా కనిపిస్తుంటాయి. చాలావరకు అతనికి ఆ తెర అవసరం కూడా ఉండదు, పుట్టి పెరిగిన నీళ్ళు. దిబ్బల లోపల నీరు నెమ్మదిగానే ఉంటుంది. రెండు అటోళ్ళ మధ్య లోతైన కాలువ దాటేటప్పుడే అసలు ఎగుడుదిగుడు. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలుల కాలంలో పడవ ముందుభాగం లేచి పడుతుంటే నడుం పట్టేస్తుంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్య గాలుల రోజుల్లో సముద్రం చాలా మెత్తగా ఉంటుంది. నడుంనొప్పి ఉన్నవాళ్ళు, పెద్దవాళ్ళు పడవ వెనకభాగంలో కూర్చుంటే కుదుపు తగ్గుతుంది. గర్భిణులైతే గాలుల కాలంలో రాత్రి పడవ పెట్టుకోకపోవడమే మంచిది. లైఫ్ జాకెట్ అడిగి మరీ వేసుకోవాలి, చీకట్లో అడగడానికి సిగ్గుపడేవాళ్ళు ఎక్కువ.

రెండో దారి దేశంలోపలి విమానాలు. సీప్లేన్ కాదు, చక్రాలున్న మామూలు చిన్న విమానం, దీపాలున్న మామూలు రన్‌వే. బా అటోల్‌లో ధారవందు, దక్షిణాన కూడ్డూ, ఉత్తరాన హనిమాధూ లాంటి చోట్ల చిన్న విమానాశ్రయాలున్నాయి. వీటికి చీకటి పడ్డాక కూడా సర్వీసులు నడుస్తాయి గనుక, కొన్ని దూరపు రిసార్టులు సాయంత్రం వచ్చిన అతిథుల్ని ఇలా ఆ అటోల్ దాకా తీసుకెళ్ళి, అక్కడి నుంచి స్పీడ్‌బోటులో దీవికి చేరుస్తాయి. రిసార్టు ఎంచుకునేటప్పుడు దాన్ని చేరే దారి సీప్లేన్ ఒక్కటేనా, ఇంకోటి కూడా ఉందా అని చూసేవాళ్ళు తక్కువ. సాయంత్రం దిగే వాళ్ళకి గదిలో స్విమ్మింగ్ పూల్ ఉందా లేదా అన్నదానికంటే ఈ ప్రశ్నే ముఖ్యం.

ఈ రెండూ కుదరని వాళ్ళకి మిగిలింది హుల్హుమాలె.

హుల్హుమాలె సముద్రంలోంచి పైకి తీసిన ఊరు. మాలె దీవి రెండు చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు, జనం మాత్రం ఇసకేస్తే రాలనంత. ఆ ఒత్తిడి తగ్గించడానికి 1997లో లోతు తక్కువ మడుగుని ఇసకతో పూడ్చడం మొదలుపెట్టారు. 2004 నాటికి జనం కాపురాలకి వచ్చారు. ఇప్పుడు రెండో దశలో మన దేశ రుణసాయంతో కట్టిన వేల ఇళ్ళ సముదాయాలు కూడా అక్కడే లేచాయి. విమానాశ్రయపు దీవికి దీన్ని ఒక కట్ట రోడ్డు కలుపుతుంది. కారులో పది, పదిహేను నిమిషాలు. మాల్దీవులకి వెళ్ళినవాళ్ళు కారెక్కే అవకాశం బహుశా ఇక్కడే వస్తుంది.

తూర్పు తీరపు రోడ్డు వెంబడి వరసగా నాలుగు, ఆరు అంతస్తుల హోటళ్ళు కనిపిస్తాయి. సన్నటి లిఫ్టులు, చిన్న గదులు, ఎదురుగా సముద్రం. వీటిల్లో చాలావాటి వ్యాపారం ఆ మూడున్నర గంటల గీత మీదే నడుస్తోందంటే తప్పు కాదు. రాత్రి దిగి పొద్దున్నే వెళ్ళిపోయే ఒక్కరాత్రి అతిథులే వాళ్ళ ఆదాయం. అందుకే ఆ పనిలో ఆరితేరిపోయారు. గది బుక్ చేసిన వెంటనే వాట్సాప్‌లో పలకరింపు వస్తుంది. ఫ్లైట్ నంబరు, పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటో అడుగుతారు. విమానం ఎక్కడుందో వాళ్ళే ఫోన్లో చూసుకుంటుంటారు. రాత్రి పదకొండున్నరకి బయటికొస్తే పేరు రాసిన అట్ట పట్టుకుని వ్యానువాడు నిలబడి ఉంటాడు. రిసెప్షన్లో చాలాసార్లు బంగ్లాదేశ్ నుంచి వచ్చిన కుర్రాడే ఉంటాడు, హిందీలో మాట్లాడితే పని జరిగిపోతుంది. మాల్దీవుల వాళ్ళకి కూడా హిందీ సినిమాల పుణ్యమా అని ఆ భాష అర్థమవుతుంది. తాళం చేతికిచ్చే ముందే అడుగుతాడు, రేపు సీప్లేన్ ఎన్నింటికని. ఆరింటికైతే అయిదింటికల్లా వ్యాను, టిఫిను పొట్లం కట్టి ఉంచుతారు.

ఒకప్పుడు ఇది ఇంత సాఫీగా లేదు. విమానాశ్రయం నుంచి మాలెకి ధోనీ అనే పడవలోనే దాటాల్సి వచ్చేది. ఆ పడవలు ఇప్పటికీ ఉన్నాయి, పొద్దుపోయాక కూడా తిరుగుతాయి, పది నిమిషాల్లో అవతల దింపుతాయి. 2018 ఆగస్టులో సినమాలె వంతెన తెరవడంతో మొదటిసారిగా మాలె, విమానాశ్రయం, హుల్హుమాలె ఒకే రోడ్డు మీదికొచ్చాయి. చైనా సాయంతో కట్టిన ఆ వంతెన మీద ఇప్పుడు టాక్సీలు, బస్సులు, లెక్కలేనన్ని మోటారుసైకిళ్ళు. మన దేశం డబ్బుతో ఇంకో పక్క మాలె నుంచి తిలఫుషి దీవి దాకా 6.74 కిలోమీటర్ల వంతెనల వరస కడుతున్నారు. రెండు పెద్ద దేశాలు పోటీపడితే రోడ్డు పడటం ఆ చిన్న దేశానికి అచ్చివచ్చినట్టుంది.

టాక్సీలకి బేరాలుండవు, ఫలానా చోటికి ఫలానా ధర అని ఖరారు. సామాను పెట్టెలకి విడిగా కొంత తీసుకుంటారు. కార్లు చిన్నవి, పెద్ద పెట్టెలు నాలుగుంటే రెండు కార్లు కావాలి. ఆరుగురి కుటుంబమైతే హోటలు వ్యాను ముందే చెప్పుకోవాలి. ఫోన్లో పిలుచుకోవడానికి మన ఓలా లాంటి అవాస్ రైడ్ అనే స్థానిక యాప్ ఉంది, కాకపోతే దానికి దిగగానే నెట్ ఉండాలి. హుల్హుమాలెకి సిటీ బస్సు ఉంది, చవక కూడా. వీపున సంచీ ఒక్కటే ఉన్నవాళ్ళకి బాగానే ఉంటుంది, నిద్రపోతున్న పిల్లలున్న వాళ్ళకి కాదు. డాలర్లు అన్నిచోట్లా తీసుకుంటారు, చిల్లర మాత్రం రుఫియాల్లో వస్తుంది. డాలరుకి 15.42 రుఫియాలు అధికారిక ధర. ఒకటి, అయిదు డాలర్ల నోట్లు కొన్ని ఇంటి దగ్గరే మార్చుకుని ఉంచుకుంటే ఆ అర్ధరాత్రి వంద నోటు పట్టుకుని తిరగక్కర్లేదు.

గది ధర యాభై నుంచి వంద డాలర్ల మధ్య ఉంటుంది. దాని మీద పన్నులు వేరే. 2025 జనవరి నుంచి హరిత పన్ను మనిషికి రాత్రికి యాభై, అంతకంటే తక్కువ గదులున్న గెస్ట్‌హౌసుల్లో 6 డాలర్లు, రిసార్టుల్లో 12 డాలర్లు. అదే ఏడాది జూలై నుంచి పర్యాటక జీఎస్టీ 17 శాతం అయింది. దూరపు రిసార్టుకి రానుపోను సీప్లేన్ మనిషికి నాలుగు వందల నుంచి ఆరు వందల డాలర్లు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువే. ఈ మూడూ కలుపుకున్నాక, రాత్రి దిగే విమానం నాలుగు వేలు చవకని సంతోషపడ్డవాళ్ళ లెక్క తారుమారవుతుంది. ట్రావెల్ ఏజెంట్లలో ఈ మాట ముందే చెప్పేవాళ్ళు లేకపోలేదు. చెప్పనివాళ్ళు కూడా తక్కువేం కాదు.

ఇంకో వర్గం ఉంది, రిసార్టుల జోలికి పోనివాళ్ళు. 2010 ప్రాంతం నుంచి జనం ఉండే దీవుల్లో కూడా గెస్ట్‌హౌసులు పెట్టుకోవడానికి వీలొచ్చింది. మాఫుషి, గుల్హి లాంటి ఊళ్ళకి మధ్యతరగతి యాత్రికులు వరసకట్టారు. మాఫుషికి పదిమందీ కలిసి వెళ్ళే స్పీడ్‌బోట్లు మనిషికి ఇరవై, ముప్పై డాలర్ల మధ్య ఉంటాయి. విమానాశ్రయం రేవు నుంచే బయల్దేరతాయి గానీ, సీటు ముందే గెస్ట్‌హౌసు ద్వారా చెప్పుకోవాలి. ఆఖరి బోటు తప్పితే ఒంటరి బోటు మాట్లాడుకోవాలి, అది వంద డాలర్లు దాటుతుంది. అదే ఊరికి వెళ్ళేవాళ్ళని వెతుక్కుని నలుగురైదుగురు తోడు కలిస్తే భారం తగ్గుతుంది, తెలుగువాళ్ళు ఆ పని బాగానే చేస్తారు. ప్రభుత్వ ఫెర్రీ అయితే మరీ చవక, కానీ అది శుక్రవారం నడవదు. గురువారం రాత్రి దిగి, పొద్దున్నే ఫెర్రీలో వెళ్దామనుకునే వాళ్ళు రేవుకొచ్చాకే ఆ సంగతి తెలుసుకుంటారు.

రాత్రిపూట ఇరుక్కునేది యాత్రికులే కాదు. వైద్యం కోసం తిరువనంతపురం, కొచ్చి, బెంగళూరు వచ్చి తిరిగి వెళ్ళే దీవుల జనం, ఎక్కడో దూరపు అటోళ్ళలో బడి పాఠాలు చెప్పే భారతీయ టీచర్లు, వాళ్ళలో తెలుగువాళ్ళు, ఎక్కువమంది దిగేది ఆ ఒక్క రన్‌వే మీదే. వాళ్ళ కోసం అట్ట పట్టుకుని నిలబడే రిసార్టు మనిషి ఉండడు. మాలెలో చుట్టాల గదిలో అయిదుగురితో పాటు ఆరోవాడిగా సర్దుకుని, తెల్లారి ఫెర్రీకో స్పీడ్‌బోటుకో వెళ్తారు. ఇటీవలి ఏళ్ళలో ప్రభుత్వం రాజ్జె ట్రాన్స్‌పోర్ట్ లింక్ పేరుతో వేగంగా నడిచే ఫెర్రీల్ని అటోళ్ళలో ప్రవేశపెట్టాక ఊరికీ ఊరికీ మధ్య రాకపోకలు తేలికపడ్డాయి. సెలవులకి ఇంటికొచ్చి తిరిగెళ్ళే టీచరుకి ఇప్పటికీ విమానం టికెట్టు కొనడం కంటే ఆఖరి ఇరవై కిలోమీటర్ల పడవ కుదుర్చుకోవడమే పెద్ద పని.

అదే దేశంలో దక్షిణపు కొసన అడ్డూ అటోల్‌కి వెళ్తే కథ వేరు. అక్కడి గన్ విమానాశ్రయం రెండో ప్రపంచయుద్ధ కాలపు బ్రిటిష్ స్థావరం. 1976లో బ్రిటిష్ వైమానిక దళం ఖాళీ చేసి వెళ్ళిపోయింది. గన్ నుంచి హితధూ దాకా దీవుల్ని కలుపుతూ కట్ట రోడ్డుంది. ఎంత రాత్రి దిగినా టాక్సీకి ఫోను చేస్తే చాలు, పడవ గొడవే లేదు. మన లక్షద్వీప్‌లో అగట్టిది ఇంకో తీరు. 1,200 మీటర్ల పైచిలుకు రన్‌వే, దిగేది ఏటీఆర్ లాంటి చిన్న విమానం, రాత్రి సర్వీసులే లేవు. కాబట్టి అర్ధరాత్రి దిగి దిక్కుతోచక నిలబడే పరిస్థితే రాదు. మాలెకి పెద్ద విమానాలు రాత్రి కూడా రాబట్టే ఈ తంటా అంతా.

బయల్దేరే ముందు ఏం కనుక్కోవాలో అనుభవం ఉన్న ఏజెంటుని అడిగితే రెండు నిమిషాల్లో చెప్పేస్తాడు. రిసార్టుకి చేర్చే ఖర్చు ప్యాకేజీలో కలిసిందా, విడిగానా? రాత్రి ఎన్నింటిదాకా చేరుస్తారు? విమానం ఆలస్యమైతే ఫోను ఎత్తేది ఎవరు, ఆ నంబరేది? సీప్లేన్‌లో సాధారణంగా మనిషికి 20 కిలోల సామాను, చేతిలో 5 కిలోలు మించితే అదనంగా కట్టాలి. ఒక్కోసారి పెద్ద పెట్టె తర్వాతి విమానంలో వస్తుంది, కాబట్టి మందులు, పిల్లల బట్టలు, ఒక పూటకి సరిపడా దుస్తులు చేతిసంచీలోనే ఉండాలి. దేశంలోకి ప్రవేశించే ముందు 96 గంటల్లోపు ఆన్‌లైన్లో ఇముగా అనే ఫారం నింపాలి, దానికి డబ్బు కట్టక్కర్లేదు. అర్ధరాత్రి వరసలో నిలబడి ఫోన్లో ఆ ఫారం నింపుతూ వెనకవాళ్ళ చూపులు భరించేవాళ్ళు ప్రతి విమానంలో నలుగురైనా ఉంటారు. దారిలో డ్యూటీఫ్రీలో సీసా కొన్నవాళ్ళకి ఇంకో ఆలస్యం. మద్యం లోపలికి రానివ్వరు, కస్టమ్స్ వాళ్ళు తీసి పెట్టుకుంటారు.

తిరుగు ప్రయాణంలోనూ సూర్యుడిదే పెత్తనం. పొద్దున ఆరింటికి గానీ మొదటి సీప్లేన్లు కదలవు. దూరపు దీవి నుంచి విమానాశ్రయానికి వచ్చేసరికి ఏడు దాటుతుంది. తొమ్మిది లోపు విమానం ఉన్నవాళ్ళకి రెండు, మూడు గంటల ముందు కౌంటరు దగ్గర ఉండటం కుదరదు. దాంతో ఆఖరి రాత్రి కూడా హుల్హుమాలెలోనే. వచ్చిన రాత్రి ఒకటి, వెళ్ళే ముందురాత్రి ఒకటి అక్కడే గడిచిపోతే, నాలుగు రాత్రుల ప్యాకేజీలో రిసార్టులో పడుకునేది రెండే. ప్రకటన కాగితం మీద మాత్రం అది నాలుగు రాత్రులు, అయిదు పగళ్ళు అనే ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంట లోపు దిగి, తిరుగుప్రయాణంలో మధ్యాహ్నం దాటాక ఎగిరే టికెట్టు రెండు మూడు వేలు ఎక్కువైనా, రిసార్టు గది అద్దెతో పోలిస్తే అది చాలా చిన్న మొత్తం. ఆ టైములు దొరకనివాళ్ళు మాలె అటోల్‌లోనే స్పీడ్‌బోటు దూరంలో ఉన్న దీవి చూసుకుంటారు. అక్కడైతే తెల్లవారుజామున మూడింటికి కూడా బోటు సిద్ధంగా ఉంటుంది.